హవల్దార్ గురువులు నీడ

హవల్దార్ గురువులు నీడను తూటాలు దాటలేవు. ఆ సంగతి కాల్పులు మొదలయ్యాకే తెలుస్తుంది.

బోడికొండ వాలు. చాటుకు ఒక్క రాయి లేదు. శిఖరం మీద శత్రువు మరతుపాకి, దాని వెనకే పొద్దుటి సూర్యుడు. కింద వాగు దాటితే మనవాళ్ళ బంకర్లు. నిలబడితేనే నీడ పడుతుంది కాబట్టి గురువులు లేచి నిలబడతాడు. అతని మనుషులు ఆరుగురూ ఆ నీడలోకి పాకుతారు. తుపాకికి ఎదురుగా నిలిచి, అతను వెనక్కి అడుగులేస్తూ వాళ్ళను దింపుతుంటాడు.

తూటా తగిలిన చోట రక్తం రాదు. అక్కడ కాస్త ఆకాశం కనిపిస్తుంది, అంతే. ఇప్పటికే ఎడమ భుజం దగ్గర ఒక మబ్బు ఉంది. నీడకు మాత్రం చిల్లు లేదు. గురువులుకు భయంగానే ఉంది. దాన్ని గొంతు దాకా రానివ్వడం లేదు.

పొద్దెక్కుతుంది. నీడ కురచవుతుంది.

"ఉస్తాద్, నా కాలు ఎండలో ఉండిపోనాది," అంటాడు సిపాయి అసిరయ్య.

"ముడుచుకోరా."

"దెబ్బ తగిలిన కాలు. ముడవలేకపోతన్నాను."

గురువులు కుడిచెయ్యి పైకెత్తుతాడు. కాలు మేరకు నీడ పెరుగుతుంది. ఆ చెయ్యి ఇక దించడు.

మిట్టమధ్యాహ్నం నీడ బూట్ల కిందికి చేరుతుంది. ఒక్కొక్కరే అందులోకి దిగుతారు. అసిరయ్య ఆగుతాడు.

"మరి తమరెక్కడుంటారు ఉస్తాద్?"

"నడవాలంటే ఎవుడో ఒకడు పైనుండాల కదరా. దిగు."

అడుగెత్తితే వెలుగు దూరుతుంది. అందుకే ఆరుగురి బరువునూ ఈడ్చుకుంటూ నడుస్తాడు. తగిలిన ప్రతి తూటాకూ ఒంట్లో ఇంకాస్త ఆకాశం తెరుచుకుంటుంది. వాగు వెనక్కి జరుగుతోంది. అతను ఎంత నడిస్తే అది అంత జరుగుతోంది. ఏడుపొస్తుంది.

"ఆగు!" అని కవాతులో అరిచినట్టు అరుస్తాడు. వాగు ఆగుతుంది. నీళ్ళు కూడా కదలవు.

ఆ అరుపును వెతుక్కుంటూ వచ్చిన తూటా గొంతుకే తగులుతుంది.

అవతలి గట్టు ఎక్కుతాడు. బూట్ల కింద నుంచి అసిరయ్య అడుగుతాడు: "వచ్చీసినామేటి ఉస్తాద్?"

వచ్చేశామని చెప్పాలి. గొంతు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. వేరే దారి లేక బూటు ఎత్తుతాడు.

వెలుగులోకి ఆరుగురూ వస్తారు, ప్రాణాలతో. గట్టు మీద ఒక జత బూట్లు ఉన్నాయి. వాటి పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. పొద్దు వాలుతుంటే బూట్ల నుంచి మనిషంత నీడ సాగుతుంది. దాని చెయ్యి ఎత్తే ఉంది. ఆ చెయ్యి అసిరయ్య కాలి మీద పడుతుంది.

అసిరయ్య కాలు పక్కకు జరుపుతాడు. చెయ్యి కూడా జరుగుతుంది.