ఎనిమిది గళ్ళ మనిషి

పెళ్ళయి ఇరవై రెండు రోజులైనా మేఘనకు ఆ ఇంట్లో అన్నీ ఇంకా కొత్తే. పొద్దున్నే కింద షెడ్డులో మరమగ్గాలు మొదలవగానే పైన వంటింట్లో గిన్నెలు సన్నగా వణుకుతాయి. చాయ్ కప్పులో చిన్న చిన్న అలలు లేస్తాయి. ఆ నేతగాళ్ళ వాడ, భవాని పేట్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు అది పట్టదు గానీ, మేఘన మాత్రం ప్రతిరోజూ ఆ అలలు చూసి, అవి అణిగాకే చాయ్ తాగేది.

ఇప్పుడామెకు అంతకంటే పెద్ద సంబరం ఒకటి దొరికింది. సెప్టెంబరులో ఐదు రోజులు షెడ్డు పని నుంచి ప్రశాంత్‌కు సెలవు. బండి మీద ఇద్దరూ కలిసి పంఢర్‌పూర్, సతారా, కాస్ పూల మైదానం, మహాబళేశ్వర్ కొండలు, కొయనా సరస్సు, చివరగా చాందోలి అడవి.

ఫోన్‌లో దారి చూపిస్తుందని ప్రశాంత్ ఎంత చెప్పినా ఆమె వినలేదు. బీరువా అడుగున ఒక పెద్ద గళ్ళ కాగితం దొరికితే నేల మీద పరిచి, బోర్లా పడుకుని దారంతా గీసింది. కొండలు ఆకుపచ్చ, నీళ్ళు నీలం, రోడ్డు ఎరుపు. ఆగే ప్రతి ఊరి దగ్గరా ఒక బండి, దాని మీద ఇద్దరు మనుషులు. వెనక కూర్చున్న మనిషికి ఏడు గళ్ళ ఎత్తు, గాలికి ఎగిరే చున్నీ. ముందున్న మనిషికి ఎనిమిది గళ్ళు.

"నేను ఎనిమిదేనా?" అన్నాడు ప్రశాంత్ వంగి చూస్తూ. "హెల్మెట్ పెట్టుకుంటే తొమ్మిది."

"హెల్మెట్ తీస్తే ఎనిమిదే. ఎక్కువ మాట్లాడితే ఆరు చేస్త."

చాయ్ కోసం పైకొచ్చిన మామ రాజయ్య ఆ కాగితం చూసి నిలబడిపోయాడు. "ఏంది బిడ్డా ఇది?"

"నక్షా మామా. నేనే గీసిన. తయారైంది."

రాజయ్య కాగితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు. మరునాటికి కాగితం కనిపించలేదు. బీరువా వెనక పడిపోయిందేమోనని మేఘన రెండు రోజులు వెతికి వదిలేసింది.

ఐదో రోజు మధ్యాహ్నం కింది నుంచి పిలుపు వచ్చింది. దిగి చూస్తే, మగ్గం మీద ఆమె దారి చద్దరై పైకి వస్తోంది. ఎరుపు రోడ్డు, ఆకుపచ్చ కొండలు, బండి మీద ఇద్దరు.

ఆ ఇంట్లో నక్షా అంటే ఒక్కటే అర్థం. చద్దర్ మీద పడాల్సిన బొమ్మను గళ్ళ కాగితం మీద గీస్తే అది నక్షా. దాన్ని చూసి ఒక్కో వరుసకు ఒక్కో అట్ట కార్డుకు రంధ్రాలు కొడతారు. ఆ రంధ్రాలను బట్టి మగ్గం బొమ్మ నేస్తుంది. రాజయ్య ఆ కాగితాన్ని తీసుకెళ్ళి అశోక్ చౌక్‌లో కార్డులు కొట్టే సిద్ధరాములుకు ఇచ్చి వచ్చాడు.

"బాపూ, అది రోడ్డు నక్షా. మేం పోయే దారి," అని ప్రశాంత్ నవ్వు ఆపుకోలేక నూలు సంచి మీద కూలబడ్డాడు.

"నాకేం ఎరుక. ఇన్నేండ్లకు నా ఇంట్ల నక్షా గీసే మనిషి వచ్చిందనుకున్న," అన్నాడు రాజయ్య.

గడప దగ్గర బీడీలు చుడుతున్న అత్త బాలమణి తలెత్తకుండానే అంది: "మొగుడితోని తిరగవోతున్ననని ఊరందరికీ చద్దర్ కప్పి మరీ చెప్తున్నది నా కోడలు."

మేఘన కూడా నవ్వింది. మగ్గం పక్కనే నిలబడి ఒక్కో ఊరూ పైకి రావడం చూస్తూ, దాని పేరు చెబుతూ ఉంది. పంఢర్‌పూర్, కాస్, మహాబళేశ్వర్, కొయనా. చివరికి చాందోలి వచ్చింది. బండి బొమ్మ పడింది. వెనక సీటు మీద చున్నీతో ఏడు గళ్ళ మనిషి పడింది. ముందు సీటు ఖాళీ.

రాజయ్య మగ్గం ఆపాడు. దారం తెగలేదు. కార్డులు తీసి వెలుతురుకు పట్టి చూస్తే ఇద్దరికీ రంధ్రాలు బరోబర్ ఉన్నాయి. కార్డులతో పాటు తిరిగి వచ్చిన కాగితం మీదా ఇద్దరున్నారు. ఒక్క చద్దర్ మీదే ముందు మనిషి లేడు. మళ్ళీ నేశారు. మళ్ళీ ముందు సీటు ఖాళీయే.

"మగ్గం పాతదైంది," అన్నాడు ప్రశాంత్. మేఘన ఆ సాయంత్రం అతని చెయ్యి వదల్లేదు. ఆ ముందు సీటు నిండితే తప్ప ఇల్లు కదలనని చెప్పేసింది.

మరునాడు కాగితం పట్టుకుని తానే సిద్ధరాములు దగ్గరికి వెళ్ళింది. ముసలాయన కాగితాన్ని కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని వేలితో దారి వెంట నడిచాడు. అడవి దగ్గర వేలు ఆగింది.

"పోవుడు గీసినవ్ తల్లీ. వచ్చుడేది?"

"అంటే?"

"ఆఖరి కార్డు తెచ్చి మొదటి కార్డుకు కుడతం. దండలెక్క తిరుగుతనే ఉంటది. నక్షా అన్నంక మొదటి వరుసకు తిరిగి రావాలె. నువ్వు అడవిల వదిలేసినవ్. మరి మగ్గమేం జేస్తది, అదీ అడవిల్నే వదిలేస్తది."

ఆయన దాన్ని పెద్ద విషయంగా చెప్పలేదు. బొత్తాం ఊడిన చొక్కా గురించి చెప్పినట్టు చెప్పాడు. మేఘన అక్కడే కూర్చుని చాందోలి నుంచి కరాడ్ మీదుగా ఇంటి గుమ్మం దాకా తిరుగు దారి గీసింది. దాని మీద కూడా ఇద్దరిని. ఏడు గళ్ళు, ఎనిమిది గళ్ళు. రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

కొత్త కార్డులు కుట్టి నేసినప్పుడు అడవి దగ్గర ఇద్దరూ పడ్డారు. గుమ్మం దగ్గరా ఇద్దరూ దిగారు. మేఘన ఆ గుడ్డ మీద చెయ్యి వేసి ఎనిమిది గళ్ళూ తడిమి చూసుకుని, తన భయానికి తానే నవ్వుకుంది. ఆ చద్దర్ చూసిన ఒక వ్యాపారి నలభై కావాలన్నాడు. రాజయ్య మగ్గం నడుపుతూ ఉండగా వాళ్ళు బయలుదేరారు.

దారిలో రోజూ ఆమెకు ఒకటే ఆట. మామకు ఫోన్ చేసి, "ఇప్పుడు మేం యాడ ఉన్నం మామా?" అని అడిగేది. వెనక మగ్గం చప్పుడు హోరెత్తుతుండగా ఆయన అప్పుడు చద్దర్ మీద పడుతున్న ఊరు చూసి అరిచి చెప్పేవాడు: "పంఢర్‌పూర్ల," "సరస్సు కాడ." కాస్‌లో ఊదారంగు పూలు, మహాబళేశ్వర్‌లో చెంపలకు తడిగా తగిలే మబ్బు, రోడ్డు పక్కన కాల్చిన మొక్కజొన్న. అన్నీ ఆమెకు గుర్తుపెట్టుకోదగ్గవే.

నాలుగో రోజు మధ్యాహ్నం చాందోలి అడవి అంచున బండి ఆపారు. మలుపు అవతల నీళ్ళు కనిపిస్తాయేమో చూసి వస్తానని ప్రశాంత్ హెల్మెట్ తీసి ఆమె ఒడిలో పెట్టి నడిచాడు. వెనక సీటు మీదే కూర్చుని ఆమె మామకు ఫోన్ కలిపింది. సిగ్నల్ ఒక్క గీత ఉంది.

"ఇప్పుడు మేం యాడ ఉన్నం మామా?"

మామ ఈసారి అరవలేదు. ఫోన్ వెనక నిశ్శబ్దంగా ఉంది. "కరెంటు పోయింది బిడ్డా. అడవి కాడనే ఆగింది. బండి పడ్డది. మనుషులింకా పడలే."

మేఘన వెనక్కి తిరిగి మలుపు వైపు చూసింది. ప్రశాంత్‌ను పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఒక్క ఆకైనా కదల్లేదు. పిట్ట కూడా కూయడం లేదు.

"ఫోన్ పెట్టకు మామా," అంటూ ముందుకు తిరిగి కూర్చుంది.

ఎంతసేపయిందో తెలియదు. ఫోన్‌లో టక్కుమని మగ్గం కదిలింది. అదే క్షణాన మలుపు దగ్గర కంకర మీద అడుగు చప్పుడయింది. ఆమె తల తిప్పలేదు.

"మామా, ముందటి బొమ్మ లెక్కపెట్టు. ఎన్ని గళ్ళు పడుతున్నయో చెప్పు."

"ఏమైంది బిడ్డా?"

"చెప్పు మామా."

"ఒకటి. రెండు. మూడు." ఒక్కో అంకెకూ ఒక్కో అడుగు. "ఏడు. నీ బొమ్మ ఒడిసింది. ఎనిమిది."

అడుగులు ఆమె వీపు వెనక ఆగాయి. మేఘన ఊపిరి వదిలింది. తిరిగి చూడబోయింది. ఫోన్‌లో మగ్గం మాత్రం ఆగలేదు.

"ఇంకా పడుతున్నది బిడ్డా," అన్నాడు రాజయ్య. "తొమ్మిది."

ఆమె తన ఒడిలోని హెల్మెట్ వైపు చూసింది. హెల్మెట్ తీస్తే ఎనిమిదే. ముందు సీటు మెల్లగా కుంగింది.

"పోదామా?" అంది ప్రశాంత్ గొంతు.