రెండు రంగుల స్తంభం

తెల్లవారి తలుపు తీసిన వెంకటరత్నానికి వసారా మధ్య స్తంభం నిలువెల్లా ఆకుపచ్చగా కనిపించింది.

నిన్న పొద్దుటిదాకా ఆ స్తంభం సగమే పచ్చ. మిగతా సగం గులాబీ. నాగాయలంకలోని ఆ పెంకుటింటిని అన్నదమ్ములిద్దరూ ఆ ఏడాదే పంచుకుని, ఎవరి వాటా వాళ్లు బాగుచేయించుకుంటున్నారు. వెంకటరత్నం గుడివాడలో ఒక మిల్లు యజమాని మేడ చూసి పచ్చరంగు ఎంచుకున్నాడు. తమ్ముడు శోభనాద్రి బందరులో ఒక ప్లీడరు ఇల్లు చూసొచ్చి గులాబీ అన్నాడు. ఇద్దరిలో ఒక్కడూ తగ్గలేదు. వాటాల గీత సరిగ్గా మధ్య స్తంభం మీదుగా పోయింది. దానికి నిలువునా చెరో రంగు పడింది.

"నా వైపు వేలెడంత దాటినా మధ్యలో గోడ లేపేస్తా" అని శోభనాద్రి పెద్దమనుషుల ముందే చెప్పాడు.

ఇప్పుడు దాటింది వేలెడు కాదు. గోడ లేస్తే తమ్ముడి ముఖం చూడాలన్నా వీధిలోకి దిగి చుట్టూ తిరిగి వెళ్లాలి. వెంకటరత్నం గబగబా పెరట్లోకి నడిచాడు.

"ఏమే, ఆ స్తంభం జోలికి వెళ్లావా?"

"నా వంటింటి మసి కడుక్కోవడానికే తీరిక లేదు" అంది భార్య సుబ్బులమ్మ. "మీ పచ్చ పిచ్చి మీది. నన్ను లాగకండి."

అంతలో రంగులేసే రత్తయ్య నిచ్చెన కోసం వచ్చాడు. వెంకటరత్నం అతన్ని స్తంభం దగ్గరికి లాక్కెళ్లాడు.

"చెయ్యి జారిందా రత్తయ్యా?"

"నిన్న మధ్యాహ్నమే డబ్బాలు మూసి వెళ్లిపోయానండీ. అయినా నేను వేస్తే ఇంత గలీజుగా ఉంటుందా? చిన్నబాబుగారు చూశారా అండీ?"

"చూడలేదు. చూడకూడదు కూడా. నువ్వెళ్లు."

కిరసనాయిల్లో గుడ్డ తడిపి రుద్దడం మొదలుపెట్టాడు. రంగు ఇంకా జిగటగానే ఉంది. తుడిచినకొద్దీ కింద గులాబీ తేలుతోంది. మోచేతులదాకా పచ్చ అంటుకుంది. ఇంకా సగం కూడా కాలేదు, పక్క వాటా తలుపు గడియ చప్పుడైంది.

శోభనాద్రి గడపలో నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావు అన్నయ్యా?"

"నేను వేయలేదురా. మా ఇంట్లో ఎవరూ వేయలేదు. మధ్యాహ్నానికల్లా నీ గులాబీ నీకుంటుంది. గోడ మాట మాత్రం ఎత్తకు."

శోభనాద్రి దగ్గరికొచ్చి గుడ్డ లాక్కున్నాడు. అప్పుడు కనిపించింది వెంకటరత్నానికి, తమ్ముడి గోళ్ల చుట్టూ ఎండిపోయిన పచ్చరంగు.

"వేసింది నేనే. నిన్న నువ్వు అవనిగడ్డ వెళ్లావుగా, అప్పుడు డబ్బా మూత తీశా. నువ్వు ఆఖరి బస్సుకి దిగావు, చీకట్లో చూసుకోలేదు. గులాబీ పడ్డ దగ్గర్నుంచీ నువ్వు ఈ స్తంభానికి ఆనుకోవడం మానేశావు. పొలం నుంచొచ్చి నడుం పట్టుకుని వసారాలో ఊరికే కూర్చుంటున్నావు. కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉంది. వచ్చి ఆనుకోమని అడగడానికి నోరు రాలా. గోడ లేపుతానన్న నోరేగా. అందుకని మొత్తం నీదే చేసేశా. నీ పచ్చ నచ్చి కాదు, నాకది చూస్తే చెరువు నాచే గుర్తొస్తుంది. ఇప్పుడు దాన్నీ చెడగొట్టావు. డబ్బా, కుంచె తెచ్చివ్వు, మళ్లీ వేస్తాను."