పెద్దకోడలి కొవ్వొత్తి

తోడికోడలి మొగుడు పోతే ఎవరైనా జాలిపడతారు. పెద్దకోడలూ పడింది. పోయింది పరాయివాడా? చేతికింద పెరిగిన మరిది. ఆవిడ వండింది తిన్నవాడు, ఆవిడ కుట్టిన చొక్కాలే తొడుక్కు తిరిగినవాడు. పనిచేసే చోటే గుండె పట్టుకుని కూలబడిపోయాడని ఫోన్ వచ్చినప్పుడు ఆవిడ కూడా గొంతు పోయేలా ఏడ్చింది. చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. ఓదార్చేవాళ్లు రావడం మొదలుపెట్టారు.

రావడమంటే అలా ఇలా కాదు. మెట్ల మీద చెప్పులు విడవడానికి చోటుండేది కాదు. స్త్రీల సమాజం వాళ్లు ఒక పూట, పాటల బృందం వాళ్లు ఒక పూట, ఎవరూ లేని పూట పాస్టరు అయ్యగారూ, వాళ్లావిడ అమ్మగారూ. వచ్చినవాళ్లంతా ముందుగదిలో కుట్టుమిషను పక్కనుంచి ఒద్దికగా జరుగుతూ, "వందనాలమ్మా, చిన్నమ్మాయి ఎలా ఉంది?" అని పెద్దకోడల్ని అడిగి, జవాబు వినకుండానే లోపలిగదిలోకి వెళ్లిపోయేవాళ్లు. అక్కడ చిన్నకోడలి చెయ్యి పట్టుకుని పాడేవాళ్లు, ప్రార్థన చేసేవాళ్లు, కళ్లు తుడుచుకునేవాళ్లు. ఇంతమందికీ టీ పెట్టేదెవరు? ఇంకెవరు!

అసూయ అంటే అసూయే. దానికి ముద్దుపేర్లు పెట్టడం నాకు చేతకాదు. టీ మరుగుతున్నంతసేపూ పెద్దకోడలి కడుపూ మరిగిపోయేది. మొగుడు పోయినదాన్ని చూసి కుళ్లుకోవడమేమిటి, దీని మొహం మండ, అంటారేమో. అనండి. అనే ముందు ఇది కూడా వినండి.

చాలా ఏళ్ల కిందట పెద్దకోడలికి ఒక ఆడపిల్ల పుట్టింది. ఊపిరి లేకుండా పుట్టింది. సరిగ్గా ఇలాంటి క్రిస్మస్ రోజుల్లోనే. అదే వారం అయ్యగారింట్లోనూ ఆడపిల్ల పుట్టింది, కేరుమంటూ. ఇంకేముంది, సంఘం సంఘమంతా ఉయ్యాలా, గౌన్లూ పట్టుకుని అటు పరుగెత్తింది. ఇటు వచ్చింది ఒకే ఒక్క ముసలావిడ. ఆవిడా రెండు మాటలు ఆదరణ చెప్పి, లేస్తూ లేస్తూ, "నా జాకెట్టు సంగతి ఏం చేశావమ్మా?" అంది. మిగిలినవాళ్లు దారిలో కనబడ్డప్పుడు, "ఊపిరే తీసుకోలేదు కదమ్మా, దానికింత బాధెందుకు? దేవుడు మళ్లీ ఇస్తాడులే," అన్నారు. మళ్లీ ఇవ్వలేదు.

ఆ వారం పుట్టిన అయ్యగారి పెద్దమ్మాయి ఇప్పుడు బాగా పొడుగైంది. సండేస్కూలు నాటకంలో ప్రధాన దూత వేషం తనదే. దేవదూతల గౌన్లన్నీ ఏటా కుట్టేది పెద్దకోడలే. టేపు పెట్టి ఆ పిల్ల భుజం కొలిచిన ప్రతిసారీ, తన పిల్లదీ ఇంతే ఉండేది కదా అనుకుంటుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఎవరైనా అడిగితే కదా!

ఆ గౌన్లకి అంచులు మడుస్తున్న సాయంత్రమే రుమాలక్క దిగింది. స్త్రీల సమాజానికి పెద్ద. చేతిలో రుమాలు లేకుండా ఎవరింటికీ వెళ్లదు, అందుకే ఆ పేరు. తిన్నగా లోపలికి వెళ్లి చిన్నకోడల్ని వాటేసుకుని, తనివితీరా ఏడ్చి, అప్పుడు సంగతి చెప్పింది.

"ఆదివారం ఆదరణ కూడిక పెట్టుకున్నామమ్మా. పండగ వస్తోందంటే పోయినవాళ్లే గుర్తొస్తారు కదా. ఈ ఏడాది ఎవరు దూరమయ్యారో వాళ్ల పేరు చెప్పి, బలిపీఠం ముందు ఒక కొవ్వొత్తి వెలిగించాలి. ముందుగా నిన్నే పిలుస్తారు అయ్యగారు."

తర్వాత ముందుగదిలోకి వచ్చి, "నువ్వు కూడా తప్పకుండా రావాలమ్మా," అంది పెద్దకోడలితో. పెద్దకోడలు సూది కిందపెట్టింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆవిడకి ఆశ పుట్టింది.

"టీ చూసుకోవడానికి నీలాంటి చెయ్యి ఇంకొకటి లేదు," అంది రుమాలక్క.

ఒళ్లు మండిపోయింది. ఆవిడ వెళ్లిపోయాక కప్పులు సింకులో పడ్డ చప్పుడుకి చిన్నకోడలు వంటగదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఇలా ఇవ్వక్కా, నేను కడుగుతాను."

"వద్దు తల్లీ. నువ్వు కప్పు ముట్టుకున్నావంటే నీ సైన్యం నన్ను బతకనివ్వదు."

"నా సైన్యమేంటక్కా?"

ఇక నోరు ఆగలేదు. "నీకేమమ్మా! వంతులేసుకుని మరీ వచ్చి ఏడుస్తున్నారు నీకోసం. నాకోసం ఒక్కరంటే ఒక్కరు కంటతడి పెట్టిన పాపాన పోలేదు. నీకు ఫోటోలున్నాయి, చొక్కాలున్నాయి, చెప్పుకోవడానికి ఇన్నేళ్ల కాపురముంది. నాకేముంది?"

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ అన్నమాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. చిన్నకోడలు సింకులోంచి ఒక కప్పు తీసుకుంది.

"వాళ్లు ఏడుస్తుంటే ఊరుకోబెట్టేది నేనేనక్కా. వాళ్ల ముందు నాకు ఏడుపే రావట్లేదు," అంది. "పాప పోయినప్పుడు నీ దగ్గరికి ఎవరూ రాలేదని ఆయన చెప్పారు. పేరు కూడా చెప్పారు," అని, ఆ పేరు పలికింది.

పెద్దకోడలు గిరుక్కున తిరిగింది. ఆ రోజు ఆసుపత్రి మంచం పక్కన చిన్న పెట్టె చేతుల్లో పట్టుకుని నిలబడ్డవాడు మరిదే. తన మొగుడు గోడకి తల ఆనించుకుని ఉండిపోతే, సమాధుల తోటకి ఎత్తుకెళ్లింది మరిదే. వెళ్లే ముందు, "పేరు లేకుండా ఎలా పెట్టి రాను వదినా?" అని అడిగాడు. ఆవిడ చెప్పింది. జన్మలో ఆ పేరు ఆవిడ బయటికి అన్నది ఆ ఒక్కసారే. అది వాడికీ తనకీ మధ్యే ఉందనుకుంది ఇన్నాళ్లూ.

"వాడు నీకు చెప్పాడా?"

"ఏటా క్రిస్మస్ ముందు ఆ పేరు పెట్టి ప్రార్థన చేసేవారక్కా. నేను ఆమెన్ అనేదాన్ని."

అంటే ఇదే ఇంట్లో, ఈ గోడకి అవతల, తన బిడ్డ పేరు ఏటా వినిపిస్తూనే ఉంది. తన చెవిన తప్ప! కృతజ్ఞత పుట్టాలి నిజానికి. పుట్టలేదు. తన దగ్గరున్నది ఆ పేరొక్కటే, అదీ దీనికి పంచిపెట్టాడా అనిపించింది. పెద్దకోడలు మిషను దగ్గరికి వెళ్లిపోయి, ఆదివారం దాకా తోడికోడలి మొహం చూసి మాట్లాడలేదు.

కూడికలో ఆవిడ చోటు వెనక, టీ కెటిల్ పక్కన. ముందు వరసలో దేవదూతలు తెల్లగౌన్లలో కిచకిచలాడుతున్నారు. అయ్యగారు పిలిచారు. చిన్నకోడలు లేచి వెళ్లి, మొగుడి పేరు చెప్పి కొవ్వొత్తి వెలిగించింది. రుమాలక్క రుమాలు తీసింది. అందరూ ముక్కులు చీదారు.

చిన్నకోడలు వెనక్కి రాలేదు. పళ్లెంలోంచి ఇంకో కొవ్వొత్తి తీసుకుంది.

"అయ్యగారూ, మా ఇంట్లో ఇంకొకరున్నారు. ఈ ఏడాది కాదు. ఇదివరకు ఆయన తలుచుకునేవారు, ఇప్పుడు ఆయన లేరు కాబట్టి..."

పెద్దకోడలు చేతిలో కప్పు కింద పెట్టేసింది. చెప్పేస్తోంది. ఇంతమందిలో, నా బిడ్డ పేరు, అది చెప్పేస్తోంది! మొగుణ్ణి తలుచుకుని ఏడ్చేదీ అదే, నా కూతుర్ని తలుచుకుని ఏడ్చేదీ అదేనా? నేను టీ పోస్తూ వినాలా?

"ఆగు!"

అంత గొంతు తనకుందని ఆవిడకే తెలియదు. సంఘమంతా తల తిప్పింది. పెద్దకోడలు భుజం మీద టీ గుడ్డతోనే విసవిసా నడిచి వెళ్లి, తోడికోడలి చేతిలోంచి కొవ్వొత్తి లాగేసుకుంది.

"అది నా కూతురు. పేరు నేను చెప్పుకుంటాను."

చెప్పింది. ఆ పేరు నేనిక్కడ చెప్పను. చెబితే నా మీద కూడా కుళ్లుకుంటుంది.

"మళ్లీ ఒకసారి చెప్పమ్మా, వినబడలేదు," అన్నారు అయ్యగారు. ఎదురుగా దేవదూత వేషంలో నిలబడ్డ తన కూతురి వంక చూస్తున్నారు. ఆయనకి ఆ వారం గుర్తొచ్చినట్టుంది. పెద్దకోడలు మళ్లీ చెప్పింది, ఈసారి వెనక గోడ దాకా వినబడేలా. చెప్పి, అక్కడే మెట్టు మీద కూలబడి, ఇన్నేళ్ల ఏడుపూ ఏడ్చింది. ఎవరూ పాడలేదు. దేవుడు మళ్లీ ఇస్తాడని ఎవరూ అనలేదు. రుమాలక్క తన రుమాలు ఆవిడ ఒళ్లో పెట్టి కెటిల్ దగ్గరికి వెళ్లిపోయింది.

చిన్నకోడలు పక్కన కూర్చుంది. అప్పటిదాకా రాని ఏడుపు తనకీ అప్పుడే వచ్చింది. ఆ ఒక్క రుమాలుతోనే ఇద్దరూ తుడుచుకున్నారు. ఎదురుగా రెండు కొవ్వొత్తులూ ఆనుకుని వెలుగుతున్నాయి.

"అక్కడ ఆయనకి తోడు దొరికిందక్కా," అంది చిన్నకోడలు.

పెద్దకోడలు చప్పున ముక్కు తుడుచుకుంది. "వాడికి తోడేమిటి? దానికే వాడు తోడు. ముందు వెళ్లింది అది."

ఇంత ఏడుపులోనూ చిన్నకోడలికి నవ్వొచ్చింది. "సరేలే అక్కా. మీ పాపే ముందు."

మీ పాప అని ఆవిడతో ఎవరైనా అనడం అదే మొదటిసారి.