కోట తలుపు అవతలి పదహారు పేజీలు

"ఇది అయిపోలేదు, మరిదీ."

వదిన ఆ మాటంటూ పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది. పెట్టడమంటే అలా ఇలా కాదు, జిగురు గిన్నె ఎగిరి పడింది.

బైండరు తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. గ్రంథాలయం వెనక గదిలో చిరిగిన పుస్తకాలు విప్పి కుట్టడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే గది, అదే బల్ల. ఊళ్ళో అందరూ జిగురు బాబాయి అంటారు. వేల పుస్తకాలు అతని చేతుల మీదుగా పోయాయి గానీ ఒక్కటి చదివిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే, "మూటలు మోసేవాడికి మూటలో ఏముందో ఎందుకండీ?" అంటాడు. అంతకు మించి మాట్లాడడు.

"ఏది అయిపోలేదు?" అన్నాడు దారం ఎక్కాక.

"ఉప్పుకోట. ఆరో సంపుటం. ఇదే ఆఖరిది. రాణి కోట తలుపు దగ్గర నిలబడింది. గడియ మీద చెయ్యి వేసింది. అంతే! ఆ తరవాత తెల్ల కాగితం, నీ అట్ట."

"అక్కడితో ఆపేశాడేమో రాసినాయన."

"ఆపడు. అయిదు సంపుటాలు ఏ గుర్రం ఏ పూట ఏ గడ్డి తిందో చెప్పినవాడు, ఆరో దాంట్లో నన్ను తలుపు దగ్గర నిలబెట్టి పోతాడా? ఒక ఫారం ఊడింది. చూడు."

పదహారు పేజీల మడతను ఆ పనివాళ్ళు ఫారం అంటారు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ మాట వదినకూ అలవాటైంది.

"నా చేతిలో ఊడదు" అన్నాడతను.

అది ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే. పనిలో చేరిన రోజు లైబ్రేరియన్‌తో, "నా చేతిలో ఒక్క పేజీ తప్పిపోతే సూది కింద పెట్టేస్తా" అన్నాడు. అప్పటి లైబ్రేరియన్ రిటైరై పోయాడు గానీ ఆ మాట రిటైర్ కాలేదు. ఇప్పటి లైబ్రేరియన్ కూడా ఎవరైనా కొత్తవాళ్ళొస్తే ముందు వాళ్ళను ఈ వెనక గదికి తీసుకొచ్చి, ఆ మాట చెప్పాకే అలమరాలు చూపిస్తాడు.

వదిన ఆసుపత్రిలో నర్సు. పగలు వార్డు, సాయంత్రం పుస్తకం. అన్న లారీ మీద వారానికి నాలుగు రోజులు బయటే ఉంటాడు కాబట్టి, ఆమె చదివినదంతా మరిది మీద, తోటికోడలి మీద కుమ్మరిస్తుంది. కత్తులు, కోటలు, రెక్కల పాములు ఉన్న లావుపాటి నవలలైతే చాలు, అన్నం కూడా మరిచిపోతుంది. చదువుతూ ఊరుకోదు, పోట్లాడుతుంది.

"చూడండి వీడి సంబడం! పొట్టలో బల్లెం దిగినవాడు మూడో రోజు గుర్రమెక్కాడట. మా వార్డులో అలాంటివాడు మూడో రోజు రెండు చెంచాల నీళ్ళు నిలుపుకుంటే మేము ఊపిరి పీల్చుకుంటాం."

"పాము నిప్పు కక్కితే నమ్ముతావు, ఇది నమ్మవా అక్కా?" అనేది తోటికోడలు.

"పాము సంగతి నాకేం తెలుసు? అది వాళ్ళ ఊరు, వాళ్ళ పాము. కానీ ఒళ్ళు మాత్రం మన ఒళ్ళే కదా!"

అలా తిడుతూనే అయిదు సంపుటాలు పూర్తి చేసింది. ఆరోది ఎవరో దానంగా ఇచ్చిన గోనెసంచిలో వస్తే, కుట్టించి అలమరాలో పెట్టారు. దానికోసం చీటీ రాయించి ఏడు నెలలు ఆగింది. తన వంతు వచ్చే లోపల మొదటి అయిదూ మళ్ళీ చదివింది. ఇంత చేసి కోట తలుపు దాకా వస్తే, మూసిన తలుపు.

ఆ సాయంత్రం ఆమె లైబ్రేరియన్‌నూ అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి, చిరునవ్వు నవ్వాడు.

"అదే దాని గొప్పతనమమ్మా. తలుపు తెరుస్తుందా, తెరవదా? ఆ బరువు మన మీద పెట్టాడు. పోయిన నెల పాఠకుల సమావేశంలో దీని గురించే అరగంట మాట్లాడాను."

"నాకు బరువులొద్దండీ. రోజంతా మంచాలు జరిపేది నేనే. నాకు తలుపు తీస్తే చాలు."

దారిలో మందుల షాపు ఆయన కూడా వదల్లేదు. ఆయనకు చిన్న కథలంటే ప్రాణం. ఎవరూ లేనప్పుడు మందుల డబ్బాల మధ్య కూర్చుని రోజుకొకటి చదువుతాడు.

"అందుకే చెప్తున్నానండీ నర్సమ్మగారూ, కథలు చదవండి. మాత్ర వేసుకున్నట్టు, ఒక్క గుటక. నేనీమధ్యే ఒక గోధుమరంగు అట్ట కథల పుస్తకం చదివాను. ఆఖరి కథకు పేరు కూడా పెట్టలేదు. నడిమధ్యలోంచి మొదలవుతుంది! ఎవరో ఒకావిడ లోపలికి అడుగు పెడుతుంది, ఎవరో ఏమిటో చెప్పడు. ఏం ధైర్యమండీ!"

"మీ కథలు నాకు పడవు. చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టేసరికి, ఇక వెళ్ళి రండి అంటాయి" అని దగ్గు మందు తీసుకుని వచ్చేసింది. ఆయన చెప్పింది ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసింది.

మూడు రోజులు గడిచాయి. వదిన రోజూ ఒకే మాట అంటోంది. "అట్ట విప్పి చూడు, మరిదీ."

అట్ట విప్పమనడంలో సంగతుంది. ఏ పుస్తకమైనా విప్పే ముందు అందులో ఎన్ని ఫారాలున్నాయో లెక్కపెట్టి, ఆ అంకెను వెనక అట్ట లోపలి వైపు పెన్సిలుతో రాస్తాడతను. పని అయ్యాక దాని మీద కాగితం అంటిస్తాడు. ఆ అంకె ఇక ఎవరికీ కనబడదు. ఇది అతనికి పని నేర్పినాయన అలవాటు. ఎందుకు అని అప్పుడు అడగలేదు, తరవాత అడగాల్సిన పని పడలేదు. వదినకు ఆ సంగతి తెలుసు.

"కాగితం పీకితే అట్ట పాడవుతుంది" అన్నాడు మొదటి రోజు.

"అట్టకు నీ దగ్గర కరువా?"

రెండో రోజు విననట్టు దారానికి మైనం రాసుకున్నాడు. మూడో రోజు అన్నం కలుపుతూ, "రెండు పుస్తకాలూ కలిపి లెక్క సరిపోయింది ఆ రోజు. నాకు బాగా గుర్తు" అన్నాడు.

వదిన తినడం ఆపింది. "రెండు పుస్తకాలా?"

"ఆ గోనెసంచిలోవి రెండు. ఒకేసారి విప్పాను, ఒకేసారి కుట్టాను. మొత్తం ముప్పై ఏడు ఫారాలు. కుట్టాక లెక్కపెట్టినా ముప్పై ఏడే."

"వార్డులో ఇరవై మంది, ఇరవై సూదిమందులు. లెక్క సరిపోయింది. ఎవరికి ఏది వేశారో?" అంది వదిన.

అతను కలిపిన అన్నం అలాగే వదిలేశాడు. చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు పొద్దున్నే, గ్రంథాలయం తలుపులు తెరవకముందే, వెనక గదిలో ఉప్పుకోట ఆరో సంపుటం ముందేసుకుని కూర్చున్నాడు. తడిగుడ్డ వెనక అట్ట మీద పరిచాడు. కాగితం మెత్తబడే దాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగాడు. కత్తి మొనతో మూల ఎత్తి, తన పనిని తనే, చర్మం ఒలిచినట్టు, మెల్లగా ఒలిచాడు. పెన్సిలు అంకె కనబడింది. తన చేతిరాతే. ఇరవై ఆరు.

కుట్టిన ఫారాలు లెక్కపెట్టాడు. ఇరవై అయిదు. వేలు తడి చేసుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. లెక్క మారలేదు.

అప్పుడు గుర్తొచ్చింది. సంచి అడుగున ఎలుకలు పడ్డాయి. అడుగునున్న రెండోది కథల పుస్తకం, దాని కింది అంచు మొత్తం కొరికేశాయి. దాని మీద ఉన్న ఉప్పుకోటను పెద్దగా ముట్టుకోలేదు. దాని ఆఖరి ఫారం ఒక్కటే ఊడీ ఊడక, ఒక దారానికి వేలాడుతూ కిందికి జారింది, అదీ కొరికి ఉంది. ఫారం వరస తెలిసే చిన్న అంకె కింది అంచునే ఉంటుంది, అది ఎలుక పొట్టలోకి పోయింది. అతను బల్ల మీద రెండు కుప్పలు పెట్టాడు: మంచి అంచు ఇటు, కొరికిన అంచు అటు. కొరికినది కొరికిన కుప్పలోకి పోయింది. ఆపైన ఆ కథల పుస్తకాన్ని అంచు సమంగా కోసేస్తే పేజీ అంకెలు కూడా తెగిపోయాయి.

ఒక్క వాక్యం చదివి ఉంటే చాలు. రాణి ఎక్కడ, కథల పుస్తకం ఎక్కడ! అతను అంచులు చూశాడు, అక్షరాలు చూడలేదు.

గోధుమరంగు అట్ట కథల పుస్తకం మందుల షాపు ఆయన తిరిగి ఇచ్చేశాడు, ముందు గదిలోనే ఉంది. తెచ్చి అట్ట ఒలిస్తే పదకొండు అని ఉంది. కుట్టినవి పన్నెండు.

లైబ్రేరియన్ వచ్చేసరికి ఆయన బల్ల మీద రెండు పుస్తకాలు, వాటి పక్కన ఒక సూది ఉన్నాయి. బైండరు నిలబడి ఉన్నాడు.

"తప్పిందండీ. ఆఖరి ఫారం ఇందులో కుట్టాను" అన్నాడు.

లైబ్రేరియన్ పుస్తకాలు చూశాడు, సూది చూశాడు. తలుపు గడియ, ఆ బరువు, తన అరగంట ఉపన్యాసం ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి. మొహంలో రంగు మారింది. తలుపు దగ్గరకు వేసి వచ్చి గొంతు తగ్గించాడు.

"బాబాయ్, ముందా సూది తీసుకో. ఎవరికి తెలుసు? మధ్యాహ్నానికల్లా కుట్టేసి అలమరాలో పెట్టెయ్. మూడో కంటికి తెలియదు."

"చదివినవాళ్ళు పదిమంది ఉన్నారండీ. వాళ్ళంతా తలుపు బయటే ఉన్నారు."

అతను ఒక్కసారిగా ఇన్ని మాటలు అనడం లైబ్రేరియన్ ఎప్పుడూ వినలేదు. వెళ్ళి మూసిన తలుపు తీశాడు.

మధ్యాహ్నం ప్రకటనల బోర్డు మీద ఒక కాగితం వెలిసింది. కోలగా, వంకర లేకుండా రాసిన అక్షరాలు: 'ఉప్పుకోట ఆరో సంపుటం చదివినవారికి. ఆఖరి పదహారు పేజీలు నా తప్పు వల్ల వేరే పుస్తకంలో పడ్డాయి. వచ్చి చదువుకోగలరు. బైండరు.'

డ్యూటీ దిగి నేరుగా వచ్చిన వదిన ఆ కాగితం చదివింది. వెనక గదిలోకి పోతే మరిది చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద విప్పిన రెండు పుస్తకాలు. సూది ముందు గదిలోనే, లైబ్రేరియన్ బల్ల మీదే ఉందట.

"ఇదేమిటి, కుట్టలేదా?"

"మాటన్నాను కదా వదినా. ఎవరినైనా పిలిచి కుట్టించుకోమన్నాను."

వదిన బల్ల చివర కూర్చుంది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, చెప్పులు విప్పింది.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరో మంచం మందు తొమ్మిదో మంచానికి ఇచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదులే. మా హెడ్ నర్సు నన్ను ఇంటికి పొమ్మందా? లేదు. ఇకనుంచి మందు ఇచ్చే ముందు రోగి పేరు పైకి చదవమంది. ఇవాళ్టికీ చదువుతాను. నాకు పేరు తెలిసినా సరే, వాడు మా చుట్టమైనా సరే."

"అయితే?"

"అయితే నువ్వూ చదువు. ఒక ఫారం ఆఖరి వాక్యం, దాని తరవాతి ఫారం మొదటి వాక్యం. పైకి. రెండూ అతికితేనే సూది దించు. సూది కింద పెట్టడం తేలిక మరిదీ. నీకు కష్టమైన పని చెప్తున్నాను."

లేచి వెళ్ళి తనే సూది తెచ్చింది. అతను దాన్ని అందుకున్నాడు. తరవాత ఇరవై అయిదో ఫారం ఆఖరి పేజీ తీసి, వేలు పెట్టి, బడిలో చదివినట్టు కూడబలుక్కుంటూ చదివాడు.

"రాణి గడియ మీద చెయ్యి వేసింది."

ఎలుక కొరికిన ఫారం తీశాడు. "'ఇంతేనా' అని తనలో తనే అనుకుంటూ, తలుపు తోసి లోపలికి అడుగు పెట్టింది."

అతికింది. కుట్టబోయాడు.

"ఆగు" అని వదిన ఫారం లాక్కుంది. "ఏడు నెలలు. ముందు నేను."

అక్కడే, జిగురు వాసన మధ్య కూర్చుని పదహారు పేజీలూ చదివింది. అతను కుర్చీలో కదలకుండా ఉన్నాడు. చదువుతున్నంతసేపూ ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. అయ్యాక ఫారం మడిచి ఇచ్చేసింది.

"బాగుందా?" అతను ఒక పుస్తకం గురించి అలా అడగడం అదే మొదటిసారి.

"లేదు. అందరికీ భూములు పంచాడు, ఇద్దరికి పెళ్ళి చేశాడు, చచ్చాడనుకున్నవాడిని బతికించాడు. ఆ తలుపు దగ్గర ఆపి ఉంటేనే బాగుండేది. లైబ్రేరియన్‌తో మాత్రం ఈ మాట అనకు."

"మరి ఇంత గొడవ ఎందుకు చేశావు?"

"బాగుందో లేదో నేను చూసి చెప్పాలి. ఎలుక కాదు" అని చెప్పులు వేసుకుని ఇంటికి పోయింది.

వారం రోజుల్లో పదిమందిలో ఎనిమిది మంది వచ్చి చదువుకున్నారు. ఒకరు ఏడ్చారు, ఒకరు పెదవి విరిచారు. మందుల షాపు ఆయన మాత్రం గోధుమరంగు అట్ట పుస్తకం పట్టుకుని నేరుగా వెనక గదికే వచ్చాడు. "మొత్తం పుస్తకంలో మంచి కథ అదొక్కటే బాబాయ్. అది కాస్తా పీకేశావు" అని నిష్ఠూరమాడి పోయాడు.

అప్పటినుంచి ఆ గదిలోంచి మాటలు వినబడుతున్నాయి. ఆఖరి వాక్యం, మొదటి వాక్యం. మళ్ళీ ఆఖరి వాక్యం, మొదటి వాక్యం. రోజుకు నాలుగు పుస్తకాలయ్యేచోట రెండు కూడా కావడం లేదు.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర ఉన్నట్టుండి అడిగాడు. "వదినా, ఆ ఉప్పుకోట మొదటి సంపుటం ఇవాళ కుట్టుకు వచ్చింది. ఆరో ఫారం చివర నల్లగుర్రం కాలు విరిగి పడిపోయింది. ఏడో ఫారం చివరకొచ్చేసరికి అదే గుర్రం పరుగెడుతోంది. మధ్యలో ఏమైంది?"

వదిన కంచం పక్కకు జరిపింది. ఆమె కళ్ళు పోట్లాటకు సిద్ధమయ్యాయి.

"అదే నేనూ అన్నాను! ఏదో ఆకు పసరు పోశాడట. కాలు విరిగితే పసరేమిటి మరిదీ? నువ్వే చెప్పు."

"నేను చదవలేదుగా" అన్నాడు.

"చదివి రా. అప్పుడు మాట్లాడుకుందాం."

మర్నాడు గ్రంథాలయంలో లైబ్రేరియన్ వెనక గదిలోకి తొంగి చూశాడు. సూది పక్కన పెట్టి ఉంది. బాబాయి ఏడో ఫారం మధ్యలో ఉన్నాడు.