నాన్నకు మిగిలిన మాట

పక్షవాతం నాన్న నోట్లోంచి మాటలన్నీ ఊడ్చుకుపోయి, ఒక్కటి మాత్రం వదిలింది: "బ్లడీ." జన్మలో ఎవరినీ "ఒరే" అని కూడా అనని మనిషి. మంచినీళ్లు పట్టినా అదే మాట, దుప్పటి కప్పినా అదే మాట. తిట్లు మిగలడం ఈ జబ్బులో మామూలేనన్నాడు డాక్టరు. ఎక్కువ రోజులు లేవని కూడా అన్నాడు.

అమ్మ చిన్నబుచ్చుకుంది. "ఇన్నేళ్లూ కడుపులో దాచుకున్నారన్నమాట!" అని జావ గిన్నె నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. ఆ తర్వాత మంచం దగ్గరకు రాలేదు. ఈ అలకతోనే ఆయన్ని సాగనంపుతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

నేను నిఘంటువులు వేసే ఆఫీసులో పనిచేస్తాను. మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వి తీయడమే నాకు తిండి పెడుతోంది. అందుకే నచ్చజెప్పబోయాను.

"అది మొదట్లో తిట్టే కాదమ్మా. నెత్తురనే మాటలోంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్లు 'చాలా' అన్నట్టు వాడేవాళ్లు. మేరీమాత మీద ఒట్టులోంచి పుట్టిందని కొందరంటారు గానీ పండితులు నమ్మరు. తాగి గొడవ చేసే దొరబిడ్డల్ని 'బ్లడ్స్' అనేవాళ్లు, వాళ్ల వల్ల వచ్చిందని ఇంకొందరు. పెద్దమనుషులు చెవులు మూసుకోవడం తర్వాతి సంగతి."

"వాళ్ల నోట్లోకి ఎలా వచ్చిందో నాకెందుకే? మీ నాన్న నోట్లోకి ఎలా వచ్చిందో చెప్పు."

జావ గిన్నె తీసుకుని నాన్న దగ్గరకు వెళ్లాను.

మర్నాడు డాక్టరు నాన్న చెయ్యి పట్టుకుని, "మీ పేరేంటండీ?" అని అడిగాడు.

"బ్లడీ."

గుమ్మంలో ఉన్న అమ్మకు ఒళ్లు మండింది. "అదేనా మీ పేరు?"

నాన్న ముఖం విప్పారింది. అవునన్నట్టు తలూపాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా ఊపుతూనే ఉన్నాడు.

అమ్మకు అప్పుడు మిల్లు గుర్తొచ్చింది. నాన్న ఉద్యోగమంతా నూలు మిల్లులోనే గడిచింది. అక్కడి మేస్త్రీ ఎవరి పేరూ నేర్చుకోలేదు. వేలు చూపించి "ఏయ్ బ్లడీ!" అని అరిస్తే, వేలు ఎటుంటే అటువాడు పరుగెత్తాలి. పెళ్లైన కొత్తలో నాన్న ఆ సంగతి నవ్వుతూ చెప్పేవాడట.

పోనీ, ఇంట్లో? నాకు నాన్న. అమ్మకు "ఏమండీ". పక్కింటివాళ్లకు మిల్లాయన. పేరు పెట్టి పిలిచేవాళ్లు ఆయన తల్లిదండ్రులతోనే పోయారు. నాకు ఏడుపొచ్చింది.

అమ్మ మంచం మీద కూర్చుని, పెళ్లయ్యాక మొదటిసారి, ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. ఒకసారి మెల్లగా, ఇంకోసారి గట్టిగా.

నాన్న మెల్లగా తల తిప్పి, ఎవరొచ్చారోనని గుమ్మం వైపు చూశాడు.