ఖాళీ కార్డు

“స్క్రీన్ చూడకు సుభా, చార్జింగ్ తాగేస్తుంది,” అనేవారు మా ఆయన భరద్వాజ్.

హిమాచల్‌లో స్పీతి కొండల్లో తిరిగినన్నాళ్ళూ అదే మాట. ఫొటో తీశాక కెమెరా వెనక వెలిగే బొమ్మను ఆయన చూసుకోవచ్చు, నేను చూడకూడదు. ఆ రూలు ఎవరు పెట్టారని నేనూ అడగలేదు. ఇంట్లో ఏసీ విషయంలోనూ, కారు ముందు సీటు విషయంలోనూ కూడా ఇలాంటి రూల్సే ఉన్నాయి. అడగకపోవడం నాకు బాగా అలవాటు.

ఏటా వేసవిలో ఆయన ఆఫీసు వాళ్ళతో కొండలకి వెళ్తారు. వెళ్ళేది ఆయనే గానీ ప్రయాణం మొదలయ్యేది నా వంటింటి గట్టు మీద. కెమెరాలో నాలుగు పెన్సిల్ సెల్లులు పడతాయి, చార్జర్లోనూ నాలుగే పడతాయి. నోయిడాలో వేసవి కరెంటు సంగతి తెలిసిందేగా. అది ఉన్నప్పుడు పెట్టి, పోయినప్పుడు తీసి, నిండినవాటికి రబ్బరు బ్యాండు వేసి ఒక డబ్బాలో, ఖాళీవి ఇంకో డబ్బాలో పెట్టేదాన్ని. పక్కనే స్కూలు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. మా అత్తగారు జానకీదేవి గారు అటుగా వెళ్తూ, “వాడికి ఫొటోల పిచ్చి, నీకు సెల్లుల పిచ్చి. పప్పు మాడుతోంది చూసుకో,” అనేవారు.

అంతకుముందు ఏడాది చలికి సెల్లులన్నీ దారిలోనే చచ్చిపోయి, ఆయన ఫొటోలు లేకుండా తిరిగొచ్చారు. అందుకని ఈసారి, “నువ్వూ రా. సెల్లులు చూసుకోవడానికి ఒక మనిషుంటే నాకు నిశ్చింత,” అన్నారు. అది పిలుపో డ్యూటీయో నేను ఆలోచించలేదు. పెళ్ళయిన పదేళ్ళలో నేను కాకినాడలో పుట్టింటికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళలేదు మరి.

కరెంటు లేని చోట సెల్లుని కాపాడాలంటే దాన్ని వెచ్చగా ఉంచాలి. పాత లంగా గుడ్డతో అరలరలుగా ఒక పటకా కుట్టి, సెల్లులన్నీ అందులో పెట్టుకుని, స్వెట్టరు కింద నడుముకి కట్టుకునేదాన్ని. రాత్రి పడుకున్నా అది ఒంటి మీదే. పక్కకి తిరిగితే గుచ్చుకునేవి, తిరగకపోతే నడుము పట్టేసేది. పగలు ఆయన ముందు నడిచేవారు, వెనక నేను. సాయంత్రం ఫొటోలు నిండిన కార్డులని హార్డ్ డిస్కు డబ్బాలోకి ఎక్కించడం కూడా నా పనే. సబ్బుపెట్టెంత డబ్బా. దాని బ్యాటరీ కూడా మళ్ళీ నింపుకునే వీలు లేదు కాబట్టి రోజుకి ఒక్కసారే తెరవాలి. బయట అందరూ టీ తాగుతూ నవ్వుకుంటుంటే, నేను గుడారంలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పచ్చదీపం ఆగేదాకా చేతులతో కప్పి కూర్చునేదాన్ని. వంటమనిషి ఏమీ అడక్కుండానే నా గ్లాసు తెచ్చి గుడారం గుమ్మంలో పెట్టి వెళ్ళేవాడు. ఆ టీ రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

ఆయన దగ్గర చిన్న పాత కార్డొకటి ఉండేది. “నీ సరదాకి ఇది వాడుకో. నా కార్డుల జోలికి మాత్రం రాకు,” అన్నారు. తెల్లవారుజామున ఆయన నిద్రలో ఉన్నప్పుడో, బయటికి వెళ్ళినప్పుడో కెమెరా ఖాళీగా ఉండేది. నా నడుము మీద వెచ్చబడ్డ సెల్లులు అందులో వేసి, నా కార్డు పెట్టి, గుడారం బయట కూర్చునేదాన్ని. స్క్రీన్ చూడకూడదు కాబట్టి, నొక్కకముందే తనివితీరా చూసేదాన్ని. అంతసేపు దేన్నైనా చూడడానికి నాకు అంతకుముందెప్పుడూ తీరిక దొరకలేదు. రోజుకి రెండో మూడో తీసేదాన్ని. ఎలా వచ్చాయో ఇంటికెళ్ళి చూసుకోవాలని ఆశ.

ఆఖరి సాయంత్రం, “నీ కార్డు ఇటివ్వు, నేను ఎక్కిస్తాలే. నువ్వెళ్ళి టీ తాగు,” అన్నారు. సంతోషించాను.

ఇంటికొచ్చాక అడిగితే, “నీ కార్డు పాడైపోయింది సుభా. ఒక్కటీ రాలేదు,” అంటూ ఖాళీ కార్డు చేతిలో పెట్టారు. కుళాయి తిప్పి, బాత్రూంలో ఏడ్చాను. మళ్ళీ కొండలకి ఎప్పుడు వెళ్తాను? ఎవరు తీసుకెళ్తారు? సాయంత్రం ఆయనే సెక్టారు మార్కెట్టుకి వెళ్ళి నాకోసం వేడి సమోసాలు తెచ్చారు. నాకు మొదటి అనుమానం ఆ సమోసాలతోనే వచ్చింది.

స్కూల్లో స్వాతంత్ర్య దినోత్సవం ఫొటోలకి కార్డు కావాలంటే, పోతే పోయిందని అదే ఇచ్చాను. పాడైందన్న కార్డు చక్కగా పనిచేసింది. పిల్లల మొహాలన్నీ వచ్చాయి, జెండాతో సహా.

అక్కణ్ణించి నా కళ్ళు నా మాట వినలేదు. ఎప్పుడూ బీరువాలో ఉండే హార్డ్ డిస్కు డబ్బా ఇప్పుడు రోజూ ఆయన ఆఫీసు బ్యాగులో వెళ్తోంది. కాఫీ తీసుకెళ్తే లాప్‌టాప్ మూత పడుతోంది. ఒకరోజు ఫోన్లో, “తేజశ్రీ, పెద్ద సైజులో వేయించు. ఇంట్లో కుదరదు,” అంటున్నారు. తేజశ్రీ ఆయన టీమ్‌లో కొత్తగా చేరిన హైదరాబాదు పిల్ల. మాతో కొండలకి వచ్చింది. బాగా నవ్వుతుంది. ఇంట్లో కుదరనిదేమిటి? నా కళ్ళ పడకూడని ఫొటోలేమిటి? నాకు చెప్పి తీసినవి కొన్ని, నన్ను గుడారంలో కూర్చోబెట్టి తీసినవి కొన్నా? నడుముకి సెల్లులు కట్టుకుని నేను కాపలా కాసింది వీళ్ళిద్దరి ముచ్చటకా? చొక్కా జేబులు వెతికాను. సిగ్గేసింది. అయినా మర్నాడు బ్యాగు వెతికాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూసి, “ఇదొకటి మొదలెట్టావా? బాగుంది,” అని వెళ్ళిపోయారు. డబ్బా దొరికింది గానీ, దానికి కొత్తగా పాస్‌వర్డు పెట్టారు.

ఆఫీసులో ఫ్యామిలీ డే వచ్చింది. ఏటా పట్టుచీర కట్టుకు రమ్మనే మనిషి, ఈసారి, “నువ్వెందుకులే, బోరు కొడుతుంది. ఏవో నాలుగు ఫొటోలు పెడుతున్నారు, అంతే,” అన్నారు. సరేనన్నాను. స్కూలు అయ్యాక మామూలు నూలు చీరలోనే ఆటో ఎక్కి వెళ్ళాను.

పెద్ద హాలు, గోడ నిండా ఫ్రేములు. కింద ‘స్పీతి, ఫొటోలు: భరద్వాజ్’ అని చీటీలు. ఒక చివర్నించి వెతకడం మొదలెట్టాను. ప్రతి ఫ్రేములో తేజశ్రీ కోసమే వెతికాను. మంచు మీద, వంతెన మీద, గుడారం నీడలో. ఎక్కడా లేదు.

మొదటి బహుమతి రిబ్బను కట్టిన పెద్ద ఫ్రేము దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. ఇంకా తెల్లవారని బూడిదరంగు కొండ, దాని అంచున సన్నటి వెలుగు, ఆ అంచు మీద అటు తిరిగి నిలబడ్డ చిన్న మనిషి. నేను ఊపిరి బిగబట్టి ఆ మనిషి అంచు చేరేదాకా ఆగిన పొద్దు అది. పక్క ఫ్రేములో కంచరగాడిద కనురెప్పల మీద మంచు. ఆ పక్కన మూత తీసిన గిన్నెలోంచి లేస్తున్న ఆవిరి. తర్వాత పిడకలు మోస్తున్న ముసలమ్మ. గుడారం తాడు మీద ఆరేసిన మేజోళ్ళు. అవి ఉతికింది నేను, ఆరేసింది నేను, ఫొటో తీసింది నేను.

ఆ డబ్బాలో ఆయన ఏ ఆడదాన్నో దాచారనుకున్నాను. దాచింది నన్ను.

కోపం రాలేదు వెంటనే. అంత బాగా వచ్చాయా అని కళ్ళు నిండాయి. నా ఫొటోలు నేను చూసుకోవడం అదే మొదటిసారి.

నన్ను చూడగానే ఆయన మొహం మారింది. గబగబా వచ్చి, “ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం,” అన్నారు గొంతు తగ్గించి. అప్పటికే ఆయన బాసు మల్హోత్రా గారు జనంతో అక్కడికొచ్చారు. “మేడమ్, మీ ఆయన కళాకారుడు! దీన్ని కంపెనీ క్యాలెండర్ మీద వేస్తున్నాం, ఆయన పేరుతో,” అన్నారు హిందీలో. తర్వాత ఫ్రేములోకి వంగి, “ఈ సాధువెవరయ్యా? చేతిలో కమండలం కూడా ఉంది!” అన్నారు.

“లోకల్ గొర్రెల కాపరి, సర్. చీకటితో లేచి గంటసేపు కాచుకు కూర్చుంటే దొరికాడు,” అన్నారు భరద్వాజ్.

నేను ఆయన వంక చూశాను. అబద్ధం ఎంత చక్కగా చెప్పారంటే, ఒక్క సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. గంటసేపు కాచుకోవడం అబద్ధం. గొర్రెల కాపరి అని మాత్రం ఆయన నిజంగానే నమ్ముతున్నారు. ఏ మనిషికైనా తన మొహం తెలుస్తుంది గానీ తన వీపు ఎలా తెలుస్తుంది? అది తెలిసేది వెనక నడిచేవాళ్ళకే. లాప్‌టాప్ బ్యాగు మోసి మోసి కిందికి దిగిన ఎడమ భుజం, మఫ్లరు రెండు చుట్లు చుట్టి కొస వెనక్కి వేసుకునే తీరు, కొంచెం దూరంగా పెట్టే కుడిపాదం. పదేళ్ళుగా నేను చూస్తున్నవి అవే.

“సాధువు కాదండీ,” అన్నాను హిందీలోనే. “మా ఆయన. అది కమండలం కాదు, నీళ్ళ సీసా. పొద్దున్నే కొండ అవతలికి వెళ్తున్నారు.”

హాలంతా పగలబడి నవ్వింది. మల్హోత్రా గారు భరద్వాజ్ వీపు మీద చరిచారు. ఆయన కూడా నవ్వారు, ఫ్రేములోకి చూస్తూ. చూస్తూ చూస్తూ నవ్వడం ఆపేశారు. చెవులు ఎర్రబడ్డాయి.

“అయ్యో అక్కా, సార్ అక్కడుంటే ఇక్కడికెళ్లి ఫొటో ఎవరు తీసిన్రు మరి?” అంది తేజశ్రీ. అదే హిందీలోనూ అడిగింది. ఆ పిల్ల తెలియక అడిగిందో, తెలిసే నాకోసం అడిగిందో ఇప్పటికీ చెప్పలేను.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. అతిథుల ముందు ఉప్పు ఎక్కువైందంటే నావల్లే అని ఒప్పుకోవాలి, అత్తగారి ముందు ఆయన మర్చిపోయిన మందులు నేను మర్చిపోవాలి. ఇప్పుడు నేనొక మాటంటే చాలు. తనంతట తానే తీసుకునే టైమరుంటుంది కదండీ కెమెరాలో, అంటే అందరూ నమ్ముతారు. ఆయన పెదవులు ఆ మాట కోసమే నాకేసి కదిలాయి. జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు. కొండల్లో ఒకసారి నా చేతులు కొంకర్లు పోతే తన చేతి తొడుగులు తీసిచ్చిన మనిషే.

“నేనండీ,” అన్నాను. “ఈ గోడ మీద ఇంకో నాలుగు కూడా నావే.”