సోమవారపు నెమ్మది

"నీళ్ళు మరిగాక కూడా అంత మంటెందుకమ్మా, తగ్గించు," అంది అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

ఆమె తగ్గించింది. నిజానికి ఆఫీసులో రెండు నెలలుగా తను మొత్తుకుంటున్నదీ అదే. బస్సు టికెట్లు అమ్మే ఆ సంస్థలో నలభై సర్వర్లున్నాయి. తెల్లవారుజామున నలుగురు కొన్నా, సాయంత్రం వేలమంది ఎగబడ్డా, వాటి ప్రాసెసర్లు ఒకే వేగంతో పరుగెడుతూ కరెంటు తాగేవి. ఆ పరుగుకి పుట్టే వేడిని చల్లార్చడానికి మళ్ళీ కరెంటు. పని లేనప్పుడు ప్రాసెసరు వేగం దానంతటదే తగ్గి, పని రాగానే పెరిగేలా అమర్చుదామంటే మేనేజరు నవ్వాడు. ఆయన్ని చాటుగా అందరూ ఫుల్‌స్పీడు అంటారు. "నెమ్మదిగా పనిచేయించడానికా మీకు జీతమిచ్చేది?" అన్నాడు. నెల రోజులు వెంటపడితే సంతకం పెట్టాడు.

ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. వేగం మార్చామని సోమవారం ఆఫీసులో అందరికీ ఉత్తరం వెళ్ళింది. బుధవారానికల్లా తొమ్మిది ఫిర్యాదులు, అంతా నెమ్మదైపోయిందని. ఆ అమరిక ఉంచాలా, లేక తీసేసి సర్వర్ల బాధ్యత ఆమె నుంచి ఇంకొకరికి అప్పజెప్పాలా అన్నది ఇవాళ పదకొండింటికి డైరెక్టరుగారు తేలుస్తారు.

"ఎందుకొచ్చిన గొడవ, సారీ చెప్పి పాతలాగే పెట్టెయ్," అన్నాడు భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ. పదకొండేళ్ళ కాపురంలో ఇలాంటి సలహాలు ఎన్ని విందో. జ్వరంలో కూడా లేచి పిల్లల అన్నం డబ్బాలు సర్దిన రోజున "నీకు అలవాటేగా" అన్నాడు. "మా వాడికి చల్లారినవి సయించవమ్మా" అని అత్తగారు ఇప్పటికీ వారానికోసారి అంటుంది. ఆమె రోజూ దేవుడి ముందు నిలబడి ఓపిక ఇమ్మని అడిగేది. ఓపిక తప్ప ఇంకేదీ అడగకూడదని తనకెవరు చెప్పారు? ఆ దేవుడైతే చెప్పలేదు. ఇవాళ దండం పెట్టుకుని, ఏమీ అడక్కుండానే బయల్దేరింది.

డైరెక్టరు గదిలో ఫుల్‌స్పీడు ఫిర్యాదులన్నీ చదివి వినిపించాడు. "అన్నీ సోమవారం తర్వాతవేనండీ. మార్చగానే మొదలైంది."

"సోమవారం నేనేమీ మార్చలేదండీ," అంది ఆమె. "మీరు సంతకం పెట్టిన రోజునే మార్చాను. సోమవారానికి అప్పుడే మూడు వారాలు. ఉత్తరం కూడా ఆరోజే రాసిచ్చాను. అది మీ టేబుల్ మీద ఉండిపోయి, సోమవారం కదిలింది."

కాగితం డైరెక్టరు ముందు పెట్టింది. మార్పుకి ముందు టికెట్టు రావడానికి ఎంతసేపు పట్టేదో, ఆ తర్వాతా అంతే పడుతోంది. కరెంటు మాత్రం అయిదో వంతు తగ్గింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "అంటే మనవాళ్ళు ఉత్తరం చదివాక నెమ్మదించారన్నమాట. ఉంచండమ్మా, అలాగే ఉంచండి. రిపోర్టు పై ఆఫీసుకి పంపండి."

"విభాగం పేరుతో పంపిస్తానండీ," అన్నాడు ఫుల్‌స్పీడు.

"నా పేరుతో పంపండి," అంది ఆమె. "ఫిర్యాదులు తొమ్మిదీ నా పేరు మీదే వచ్చాయి కదండీ."

ఇంటికొస్తూ బస్సులో ఆలోచించింది. మిషన్ల వేగం తగ్గితే ఎవరికీ తెలియకపోవడమే మంచిది, పని బాగా జరిగినట్టు లెక్క. మరి మనిషి సంగతి? తను రేపు చడీచప్పుడు లేకుండా కాస్త తగ్గితే, ఇంట్లో దాన్ని బద్ధకమంటారు. తగ్గకపోతే అసలేమీ అనరు. కాబట్టి చెప్పి చేయాలి.

భోజనాల దగ్గర, అందరి కంచాల్లో వడ్డించి, తనూ కూర్చుని చెప్పింది. "రేపటినుంచి నేను ఆరింటికి లేస్తాను."

భర్త ముద్ద కలుపుతూనే అడిగాడు. "ఇప్పుడు ఎన్నింటికి లేస్తున్నావేంటి?"

అత్తగారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. కొడుకు వంక చూసింది.

"నాలుగున్నరకి," అంది ఆమె. కోపం రాలేదు. పొద్దున డైరెక్టరు గదిలో మాట్లాడిన గొంతే వచ్చింది. "నీళ్ళు పట్టాలి, అత్తయ్యగారికి మందు ఇవ్వాలి, పిల్లల డబ్బాలు సర్దాలి. ఏదీ, మీ ఫోను ఒకసారి ఇలా ఇవ్వండి."

ఎందుకని అడక్కుండానే ఇచ్చాడు. నాలుగున్నరకి అలారం పెట్టి, ఫోను ఆయన కంచం పక్కనే పెట్టింది.